గోడ మీద 212 గీతలు



మన గ్రూపులో ఉద్యోగ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పట్టాల సంగతులు ఎక్కువగా వస్తాయి. వాటి మధ్యలో నేను ఒక పాత జీపు ఇంజన్ గురించి రాస్తే ఎవరు చదువుతారా అని పది రోజులు ఆలోచించాను. కానీ మనలో చాలామంది ఇళ్లలో ఒక జీపో, ఆటోనో, ట్రాక్టరో ఉంటుంది. దాని మీదే ఇల్లు గడుస్తుంది. దాని మీదే మనం చదువుకుంటున్నాం. అందుకే రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఊరు. మేము కొండ కమ్మర్లం. తాత కొలిమి పెట్టి నాగలి కర్రులు, గొడ్డళ్లు, కత్తులు చేసేవాడు. నాన్న మూడో తరగతితో బడి మానేశాడు. తాత పోయాక కొలిమి ఆగిపోయింది, సంతలో రెడీమేడ్ కర్రులు వచ్చేశాయి. నాన్న కొన్నాళ్లు ఒకరి జీపుకి క్లీనర్‌గా తిరిగి, తర్వాత డ్రైవరై, చివరికి అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో ఒక కమాండర్ జీపు కొన్నాడు. 1998 మోడల్, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. మా ఊరి నుంచి పాడేరు 28 కిలోమీటర్లు. రోజూ పొద్దున్న దిగుతాడు, సాయంత్రం ఎక్కుతాడు. మనుషులు, రేషన్ బస్తాలు, పిప్పళ్ల మూటలు, కాఫీ గింజల బస్తాలు, కోళ్లు, అన్నీ అందులోనే. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే, డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చాక ఎక్కించేది కూడా ఆ జీపులోనే.

నేను విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి. ఫస్టియర్‌లో రూమ్మేట్స్ "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అని చెప్పాను. వాళ్లు లారీలు అనుకున్నారు. నేను కాదనలేదు.

దసరా సెలవులకి వారం ముందు నాన్న ఫోన్ చేశాడు. మామూలుగా తిన్నావా, పడుకున్నావా అని రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాడు. ఆరోజు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "బండి కొడతందిరా."

"ఏం కొడుతోంది నాన్నా?"

"ఇంజన్ లోపల. కింద. ఘాట్ ఎక్కినప్పుడు ఎక్కువ, దిగినప్పుడు తక్కువ. మెకానిక్‌కి సూపించాను. ఇంజన్ దింపాల, 38 వేలు, పదైదు రోజులు అన్నాడు."

38 వేలు మా ఇంట్లో లేవు. పదిహేను రోజులు బండి ఆగితే ఆ నెల వాయిదా కూడా కట్టలేం.

మా హాస్టల్లో ఇంతకు ముందు ఉండి, ఐటీఐ ఫిట్టర్ చేసి, ఇప్పుడు గాజువాక ఆటోనగర్‌లో పని చేస్తున్న అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయి విషయం చెప్పాను. చప్పుడు ఎలా ఉందో, ఎప్పుడు వస్తుందో అడిగి, "కాన్‌రాడ్ బేరింగులు అయ్యుంటాయి. ముందుగానే పట్టుకుంటే క్రాంక్ షాఫ్ట్ బతికి ఉంటుంది. అప్పుడు ఇంజన్ దింపకుండా కింద నుంచే మార్చొచ్చు. బండి ఇంక తిప్పొద్దని చెప్పు" అన్నాడు. ఆయన రెండు సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి, విప్పిన పాత ఇంజన్ మీద నేర్పించాడు. మైక్రోమీటర్, టార్క్ రెంచ్, ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనం లాంటి దారం ఇచ్చి పంపించాడు. "పోగొడితే నీ స్కాలర్‌షిప్ నాది" అని నవ్వాడు.

ఇక్కడ బేరింగ్ అంటే ఏంటో చెప్పాలి. మనకి బేరింగ్ అంటే సైకిల్ చక్రంలో గుండ్రటి బాల్స్ గుర్తొస్తాయి. ఇంజన్ లోపల క్రాంక్ షాఫ్ట్ దగ్గర ఉండేవి అవి కావు. గాజుని మధ్యకి కోస్తే రెండు సగాలు ఎలా ఉంటాయో, అలాంటి రెండు సగం రేకులు. వెనక ఉక్కు, లోపలి వైపు రాగి-సీసం లాంటి మెత్తని లోహం పూత. పిస్టన్ని పట్టుకునే కాన్‌రాడ్ కింది చివర క్రాంక్ చుట్టూ ఈ రెండు సగాలు మూసుకుని ఉంటాయి. ఇంజన్ తిరిగేటప్పుడు ఆ రేకు, క్రాంక్ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. తల వెంట్రుక కంటే సన్నటి పొర. పిస్టన్ మీద పేలుడు దెబ్బ అంతా ఆ పొర మీదే పడుతుంది.

మా కాలేజీ లైబ్రరీలో దీని గురించి ఒక సంగతి చదివాను. 1880లలో ఇంగ్లండ్‌లో బీచాంప్ టవర్ అనే ఇంజనీర్ రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేశాడు. ఆయిల్ పోయడానికి బేరింగ్ పైన చిన్న కన్నం పెడితే, ఆయిల్ లోపలికి పోవడం మానేసి, ఇరుసు తిరుగుతున్నప్పుడు పైకి తన్నుకొచ్చింది. కార్కు బిరడా పెట్టాడు, ఎగిరిపోయింది. చెక్క బిరడా కొట్టాడు, అదీ బయటికి వచ్చేసింది. గేజ్ పెట్టి చూస్తే, బరువుకి ఉండాల్సిన సగటు ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి అక్కడ ఉంది. అంటే తిరిగే ఇరుసే ఆయిల్‌ని సందులోకి లాక్కుపోయి, ఆ ఆయిల్ మీద తనే తేలుతోంది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. ఫ్లూయిడ్స్ చాప్టర్లో మనం రేనాల్డ్స్ నంబరు అని చదువుతామే, ఆయనే. పరీక్షకి నేను ఆ పేరు బట్టీ పట్టాను గానీ, అది మా నాన్న జీపు కింద ఉందని నాకు తెలీదు.

ఇంటికి చేరిన రోజు సాయంత్రం నాన్న ఒక్క నిమిషం మాత్రం ఇంజన్ స్టార్ట్ చేశాడు. నాకు మామూలు డీజిల్ మోతే వినిపించింది. నాన్న ఒక పొడుగు వెదురు పుల్ల తీసుకుని, ఒక చివర ఇంజన్ పక్కన ఆనించి, రెండో చివర నా చెవికి పెట్టాడు.

"ఇనిపిస్తందా? టక టక కాదు. ఆ లోపల దబ్ దబ్ అంటంది సూడు. పైనయితే వాల్వు సప్పుడు, సన్నగా ఉంటాది. ఇది బరువు సప్పుడు."

వినిపించింది. ఒకసారి వినిపించాక ఇంక వినిపించకుండా పోలేదు. తాత ఇనుము మీద సుత్తితో చిన్నగా కొట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడట. ఆ చెవి నాన్నకి వచ్చింది. నాకు రాలేదు, నాకు పుల్ల కావాలి.

ఏ సిలిండరో తెలుసుకోవడానికి నాన్న ఒక్కో నోజిల్ పైపు నట్టు పానాతో కొంచెం వదులు చేశాడు. అప్పుడు ఆ సిలిండర్‌కి డీజిల్ అందదు, పేలుడు ఉండదు, బేరింగ్ మీద దెబ్బ పడదు. మూడోది వదులు చేయగానే ఆ దబ్ దబ్ తగ్గిపోయింది. ఇది చేసేటప్పుడు జాగ్రత్త. ఆ పైపులో డీజిల్ చాలా ఒత్తిడితో ఉంటుంది, సన్నగా చిమ్మితే చర్మంలోకి దూరిపోతుంది. చేతికి గుడ్డ చుట్టుకున్నా చెయ్యి దగ్గర పెట్టకూడదు, మొహం అసలు పెట్టకూడదు.

మర్నాడు పొద్దున్న పని మొదలుపెట్టాం. జాకీతో ముందు భాగం లేపి, చాసిస్ కింద రెండు వైపులా మద్ది చెక్క దిమ్మలు పెట్టాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. దిమ్మలు పెట్టి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, బండిని గట్టిగా ఊపి చూసి, అప్పుడే దూరాం. చాసిస్ లేపితే ముందు ఇరుసు కిందికి వేలాడుతుంది, ఆయిల్ ఛాంబర్ దించడానికి చోటు దొరుకుతుంది.

ఆయిల్ దించితే తారులా వచ్చింది. నాన్న అరచేతిలో కొంచెం వేసుకుని ఎండకి తిప్పాడు. సన్నగా బంగారు పొడి కలిపినట్టు మెరుస్తోంది. నేను అయస్కాంతం పెట్టాను. ఏమీ అంటలేదు. అంటే మెరిసేది ఇనుము కాదు, బేరింగ్ మీద పూత. క్రాంక్ ఇంకా బతికే ఉందేమో అని చిన్న ఆశ. ఆ ఆయిల్ని గెడ్డ వైపు పోనివ్వలేదు, పాత డబ్బాలో పట్టి మూత పెట్టాం. ఆ నీళ్లే కింద ఊరు తాగుతుంది.

నోజిళ్లు నాలుగూ విప్పి పక్కన పెట్టాం. లేకపోతే కంప్రెషన్‌కి ఇంజన్ చేత్తో తిరగదు. ఛాంబర్ దించాం. మూడో కాన్‌రాడ్ కిందికి వచ్చేలా తిప్పి, రెండు బోల్టులు విప్పి, క్యాప్ తీశాం. బేరింగ్ మీద బూడిద రంగు పూత మధ్యలో మొత్తం పోయి, ఎర్రగా రాగి బయటపడింది. పాత ఇత్తడి బిందెకి సొట్ట పడిన చోట కళాయి పోయినట్టు ఉంది.

క్రాంక్ మీద గోరుతో అడ్డంగా గీసి చూశాను. సన్న గీతలున్నాయి గానీ గోరు ఎక్కడా తట్టుకోలేదు. మైక్రోమీటర్‌తో ఒకే చోట నాలుగు దిక్కులా కొలిచాను. తేడా మిల్లీమీటరులో నూరో వంతు లోపలే వచ్చింది. గుండ్రం పోలేదు. గోరు తట్టుకున్నా, కొలతలో తేడా ఎక్కువొచ్చినా కథ వేరే. అప్పుడు ఇంజన్ దింపి, క్రాంక్‌ని గ్రైండింగ్‌కి ఇవ్వాల్సిందే. కొత్త బేరింగ్ వేసి మూసేస్తే వెయ్యి కిలోమీటర్లు కూడా రాదని ఆటోనగర్ అన్న ముందే చెప్పాడు.

నాకు ఆ రోజే విశాఖ బస్సెక్కి కొత్త బేరింగులు తెచ్చేయాలని తొందర. "స్టాండర్డ్ సైజ్ సెట్ తెచ్చేస్తా" అన్నాను. నాన్న పాత బేరింగ్ తిప్పి, వెనక వైపు గుడ్డతో తుడిచి నాకు ఇచ్చాడు. "ఇక్కడేదో ఉంది, సదువు."

010 అని అచ్చు ఉంది. అంటే మాకంటే ముందు ఎవరో ఒకసారి క్రాంక్‌ని అంగుళంలో పది వేల వంతులు కాదు, వెయ్యిలో పది వంతులు, అంటే పావు మిల్లీమీటరు అరగదీయించారు. దానికి సరిపోయే మందం బేరింగే వెయ్యాలి. ఆటోనగర్‌లో దాన్ని టెన్ సైజ్ అంటారు. స్టాండర్డ్ తెచ్చి ఉంటే అంత సందు మిగిలిపోయేది. చదవడం రాని మనిషి చదవమని చెప్తే తప్ప చదువుకున్నవాడికి కనబడలేదు.

రెండో గొడవ అక్కడే వచ్చింది. నాన్న అన్నాడు: "మూడోది ఒక్కటేగా పోయింది. పూర్వం సంత కాడ మెకానిక్కు బేరింగ్ ఎనక సిగరెట్టు పెట్టెలో ఎండి కాగితం ఏసి బిగించీవోడు. లేపోతే క్యాప్‌కి ఆకురాయి పెట్టీవోడు. సందు తగ్గిపోద్ది." ఖర్చు తప్పించాలని ఆయన తాపత్రయం. నేను ఒప్పుకోలేదు. కాగితం వేస్తే బేరింగ్ వెనక ఉక్కుకి అంటుకోదు, వేడి బయటికి పోదు, అక్కడే కాలిపోతుంది. క్యాప్ అరగదీస్తే గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, ఆయిల్ పొర నిలబడదు. నేల మీద పుల్లతో బొమ్మ గీసి, టవర్ బిరడా ఎగిరిన కథ చెప్పాను. నాన్న చాలాసేపు ఆ బొమ్మ చూశాడు. "అయితే ఆయిలే మోస్తాదన్నమాట" అన్నాడు. అంతే. మళ్లీ కాగితం మాట ఎత్తలేదు.

కానీ నేను చెప్పిన "మూడోది ఒక్కటి చాలు" అనే మాట ఆయన ఒప్పుకోలేదు. "ఒకే నూనె తాగినయ్యి నాలుగూ. ఒకటి సచ్చిపోతే మిగతావి బాగుంటాయా?" అన్నాడు. నాలుగూ విప్పాం. రెండోది కూడా రాగి కనబడే దాకా వచ్చింది. మెయిన్ బేరింగుల్లో మధ్యది ఒకటి విప్పి చూశాం, అది సమంగా అరిగి, పూతతోనే ఉంది, మళ్లీ బిగించేశాం. తర్వాత నాన్న ఆయిల్ పంపు నోటికి ఉండే జాలీ చూపించాడు. సగం జాలీ నల్లటి జిగురుతో మూసుకుపోయి ఉంది. మధ్యలో పాత ప్యాకింగ్ ముక్కలు. ఆయిల్ సరిగ్గా అందక బేరింగులు ఆకలితో చచ్చాయి. అది చూడకుండా కొత్తవి వేసి ఉంటే అవీ పోయేవి.

జాలీని డీజిల్‌లో నానబెట్టి కడుగుతూ అడిగాను. "ఇంత జిగురు ఎలా పట్టింది నాన్నా? ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

నాన్న జవాబు చెప్పలేదు. బీడీ వెలిగించుకుని అటు వెళ్లిపోయాడు.

జీపుకి కిలోమీటర్ల మీటరు పనిచేసి ఏళ్లయింది. అందుకని నాన్న లెక్క వేరు. ఇంటి వెనక గోడ మీద, పాడేరు పోయి వచ్చిన ప్రతిరోజూ బొగ్గుతో ఒక గీత గీస్తాడు. రాను పోను 56 కిలోమీటర్లు. 90 గీతలయితే అయిదు వేలు దాటినట్టు. అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్చి, గీతల చుట్టూ ఒక సున్నా చుడతాడు. చిన్నప్పుడు ఆ గోడ మీదే నేను లెక్కలు నేర్చుకున్నాను.

చీకటి పడ్డాక సెల్ లైటు వేసుకుని గోడ దగ్గరికి పోయాను. చివరి సున్నా తర్వాత గీతలు లెక్కపెట్టాను. 90 దగ్గర ఆగలేదు. 180 దగ్గర ఆగలేదు. మొత్తం 212. అంటే దాదాపు 12 వేల కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద, ఒకే ఆయిల్. తగ్గినప్పుడల్లా లీటరు పోశాడంతే.

వెనక్కి లెక్కవేశాను. 90 గీతలు దాటింది ఎండాకాలం చివర. అప్పుడు మా కాలేజీలో రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, ముందు ఫీజు మీరే కట్టండి, లేకపోతే పరీక్ష హాల్‌టికెట్ లేదు అన్నారు. నేను ఫోన్ చేస్తే నాన్న రెండు రోజుల్లో డబ్బు పంపాడు. 180 దాటింది ఆగస్టు చివర. అది నేను ప్రాజెక్టుకి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కావాలని అడిగిన నెల. అందరికీ ఉంది, నాకే లేదు అన్నాను. గట్టిగానే అన్నాను.

నాన్న వెనకాల వచ్చి నిలబడ్డాడు. నేను "ఎందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే బాగోలేదు.

"ఏటి సెప్పమంటావు? బండి నాలుగు రోజులు ఓర్సుకుంటాది. ఫీజు ఓర్సుకోదు కదా."

"బండి ఓర్చుకోలేదు కదా నాన్నా."

"నేదు" అన్నాడు. "అదీ తెలిసింది ఇప్పుడు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు నాన్నదని కోపం, నాదని ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి. రెండు మూడు వేల ఆయిల్ ఖర్చు ఆపి, 38 వేల చావు దగ్గరికి తెచ్చుకున్నాం. కానీ ఆ రెండు మూడు వేలు ఆయన తాగిపోలేదు, పేకాడలేదు. నేను హాల్‌టికెట్ పట్టుకుని రాసిన పరీక్షలో రేనాల్డ్స్ నంబరు గురించి అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది. నేను బాగా రాశాను.

మర్నాడు విశాఖ పోయి వచ్చాను. టెన్ సైజ్ కాన్‌రాడ్ బేరింగుల సెట్, కొత్త కాన్‌రాడ్ బోల్టులు, ఛాంబర్ ప్యాకింగ్, ఫిల్టర్, ఆయిల్. అన్నీ కలిపి ఆరు వేల లోపే అయ్యాయి. నా స్కాలర్‌షిప్‌లో దాచుకున్నవి. కొత్త ఫోన్ కోసం దాచాను, ఆ సంగతి నాన్నకి చెప్పలేదు.

బిగించే రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. చేతులు సబ్బుతో కడుక్కుని, ప్రతి ముక్కా డీజిల్‌తో కడిగి, శుభ్రమైన నూలుగుడ్డతో తుడిచాను. బేరింగ్ వెనక వైపు పొడిగా ఉండాలి, లోపలి వైపు ఆయిల్ రాయాలి. బేరింగ్ అంచున చిన్న నాలుక ఉంటుంది, అది కాన్‌రాడ్ గాడిలో కూర్చోవాలి. కింద చిన్న ఇసుక రేణువు ఉన్నా అక్కడ ఉబ్బిపోయి పని చెడుతుంది. మొదటిదానికి ముందు ఆయిల్ రాయకుండా, ప్లాస్టిగేజ్ ముక్క పెట్టి, క్యాప్ వేసి, మాన్యువల్లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్‌తో బిగించి, ఇంజన్ తిప్పకుండా మళ్లీ విప్పాను. ఆ దారం నలిగి ఎంత వెడల్పయిందో కవరు మీద గీతలతో పోల్చి చూస్తే సందు తెలుస్తుంది. 0.05 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. క్రాంక్ లావు అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు చొప్పున సందు ఉండాలనేది పాత మెకానిక్కుల లెక్క. మాది రెండంగుళాల పైన. సరిపోయింది. ఇంటి ముందు గోనెసంచి మీద కూర్చుని గంతేయాలనిపించింది.

అప్పుడే వాన. అక్టోబరు వాన మా కొండ మీద చెప్పి రాదు. గోనెసంచి మీద వరసగా పెట్టిన క్యాపులన్నీ అమ్మ, చెల్లి, నేను గబగబా గంపలో వేసుకుని వసారాలోకి పరిగెత్తాం. వాన వెలిశాక మళ్లీ మొదలుపెట్టి, రెండోది బిగించాను, మూడోది బిగించాను.

నాన్నకి ఒక అలవాటు. ప్రతి క్యాప్ బిగించాక ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి ఇంజన్‌ని ఒక చుట్టు చేత్తో తిప్పుతాడు. రెండోది అయ్యాక నేను తొందరలో తిప్పనివ్వలేదు, "రెండూ అయ్యాక చూద్దాం" అన్నాను. మూడోది అయ్యాక తిప్పాడు. సగం తిరిగి, బిగుసుకుపోయింది. ఇంకొంచెం బలం పెట్టమన్నాను. ఆయన పెట్టలేదు. పానా కింద పెట్టేసి, "విప్పు" అన్నాడు.

విప్పి చూస్తే, రెండో క్యాప్ మూడోదానికి, మూడోది రెండోదానికి వేశాను. వాన గందరగోళంలో వరస పోయింది. ప్రతి కాన్‌రాడ్‌కి, దాని క్యాప్‌కి ఒకే నంబరు పంచ్ కొట్టి ఉంటుంది. కంపెనీలో రెండూ కలిపి బిగించే బోరు కొడతారు కాబట్టి ఒకదాని క్యాప్ ఇంకోదానికి పనికిరాదు, తిరగేసి వేసినా పనికిరాదు. నంబర్లు అక్కడే ఉన్నాయి, మడ్డి కింద. నేను తుడిచి చూడలేదు. ఇది నాకు రెండోసారి. బలం పెట్టి తిప్పి ఉంటే, లేదా అలాగే స్టార్టర్ కొట్టి ఉంటే కొత్త బేరింగులు ఆ నిమిషంలోనే పోయేవి, క్రాంక్ కూడా. బేరింగులు తీసి చూశాం, గీత పడలేదు. నాన్న తిట్టలేదు. అదే బాగోలేదు.

ఈసారి ఒక్కోటి బిగించడం, ఒక చుట్టు తిప్పడం. నాలుగూ అయ్యేసరికి చీకటి పడింది. ఆ సాయంత్రమే పక్కింటి అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వదినకి నెల నిండింది. "బండి రేపటికి అవుద్దా మావా?" అని నాన్నని అడిగాడు. నాన్న నా వైపు చూశాడు. నేను ఏం చెప్పాలో తెలీక ఛాంబర్ బోల్టులు ఇంకోసారి చూశాను.

మర్నాడు నోజిళ్లు బిగించి, కొత్త ఫిల్టర్లో ముందే ఆయిల్ నింపి వేసి, ఇంజన్లో కొలత ప్రకారం ఆయిల్ పోశాం. స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, డీజిల్ అందకుండా, స్టార్టర్‌తో కొద్దికొద్దిగా ఆగి ఆగి తిప్పాం. ఆయిల్ గేజ్ ముల్లు కదిలేదాకా స్టార్ట్ చెయ్యకూడదు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదల్లేదు. మూడోసారి ముల్లు నెమ్మదిగా లేచింది. అప్పుడు నాన్న నాబ్ వదిలాడు.

ఇంజన్ అందుకుంది. నాన్న వెంటనే దిగి వెదురు పుల్ల తీసుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన ముందు, వెనక, మధ్యలో, అన్నిచోట్లా ఆనించి విన్నాడు. తర్వాత పుల్ల నాకు ఇచ్చాడు.

దబ్ దబ్ లేదు. మామూలు డీజిల్ మోత, అంతే.

మొదటి రోజు ఊరి చుట్టూ నెమ్మదిగా తిప్పి, వేడెక్కాక ఐడిల్లో గేజ్ ముల్లు పడిపోతోందా అని చూశాం. పడిపోలేదు. ప్యాకింగ్ దగ్గర కారుతోందేమో అని కింద అట్టముక్క పరిచాం. రెండు చుక్కలు, బోల్టు ఒకటి సరిచేస్తే ఆగింది. అయిదొందల కిలోమీటర్లకి ఆ ఆయిల్ మళ్లీ మార్చమని ఆటోనగర్ అన్న చెప్పాడు. మార్చాం. ఇది కొత్త ఇంజన్ కాదు. మెయిన్ బేరింగులు పాతవే, పిస్టన్లు పాతవే. ఎప్పుడో ఒకరోజు ఇంజన్ దింపక తప్పదు. కానీ ఆ రోజుకి డబ్బు కూడబెట్టుకునే టైము దొరికింది.

వదినని నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున పాడేరు తీసుకెళ్లాడు నాన్న. ఆడపిల్ల. నేను అప్పటికి హాస్టల్‌కి వచ్చేశాను, ఫోన్లో చెప్పాడు. "ఘాట్‌లో ఏమన్నా చప్పుడొచ్చిందా?" అని అడిగాను. "పాప ఏడుపు తప్ప ఏటీ నేదు" అన్నాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మీలో కొందరికి చేతిపని నేర్పిద్దామని కాదు. ఒక సెలవుల్లో నేర్చుకున్నవాణ్ణి, నేను నేర్పేంతవాణ్ణి కాదు. మీరు ఇలాంటిది చెయ్యాలనుకుంటే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకునే చెయ్యండి. నేను చెప్పాలనుకున్నది వేరే.

మనం చదువుకోడానికి ఊరు వదిలి వచ్చాక, ఇంట్లో వాళ్లు కొన్ని చప్పుళ్లు మనకి వినిపించకుండా దాస్తారు. బండి చప్పుడే కాదు. అమ్మ మోకాళ్ల నొప్పి, చెల్లి మానేసిన ట్యూషన్, కుదువ పెట్టిన పుస్తె. మనం ఫోన్లో "అంతా బాగేనా?" అంటాం, వాళ్లు "బాగే" అంటారు. ముందు పట్టుకుంటే బేరింగ్‌తో పోయేది, ఆలస్యమైతే క్రాంక్ దాకా పోతుంది. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు "బాగే" అన్న మాటతో ఊరుకోకండి. మీ ఇంటి గోడ మీద గీతలు ఎక్కడున్నాయో వెతికి లెక్కపెట్టండి. డబ్బు అడిగేముందు అది దేన్నుంచి వస్తోందో అడగండి. అడిగినంత మాత్రాన చదువు ఆగిపోదు.

నాన్నా నేనూ ఇప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. ప్రతి ఆదివారం ఫోన్లో ఎన్ని గీతలయ్యాయో చెప్తాడు. 90 దగ్గరపడితే ఆయిల్ డబ్బుల్లో సగం నేను పంపుతాను. హాస్టల్ పిల్లలకి సాయంత్రాలు లెక్కలు చెప్తే కొంచెం వస్తోంది. మొన్న ఆదివారం 41.

రూమ్మేట్ మొన్న నా గోళ్లలో నల్లటి మడ్డి చూసి ఏంట్రా అది అన్నాడు. ఎంత సబ్బు పెట్టినా అది త్వరగా పోదు. "మా నాన్న షేర్ జీపు నడుపుతాడు, ఇంజన్ పని చేశాం" అని చెప్పాను. వాడు "మా బాబు ఆటో కూడా ఘాట్లో దబ్ దబ్ అంటోంది, ఒకసారి వచ్చి వింటావా?" అన్నాడు. వాడూ మొదట్లో నాకు ట్రాన్స్‌పోర్టనే చెప్పాడు.

జోహార్.